చింతమాన్ల కింద రాసిన లెక్క

సంక్రాంతి పోయిందంటే హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు సందడి మొదలవుతుంది. కరిపులి రకం ఒక పక్క, ప్లవర్ రకం ఒక పక్క కుప్పలు పోసి ఉంటాయి. ప్లవర్ కంటే కరిపులికి ధర బాగా ఎక్కువ. మడకశిర వైపు నుంచీ, రాష్ట్రం దాటి పావగడ, గౌరిబిదనూరు పల్లెల నుంచీ బస్తాలు దిగుతాయి. వేరుసెనగ ఎండిపోయిన ఏడు కూడా ఈ సీమ రైతుకు నాలుగు రూపాయలు చూపించేది చింతమాను. నీళ్ళు అడగదు, ఎరువు అడగదు. అట్లాంటి మాన్లను, సరిగ్గా కాయ పండే నెలల్లోనే, పక్షులకు వదిలిపెట్టే ఊరు ఇదే హిందూపురానికి అల్లంత దూరంలో ఉంది. చిలమత్తూరు మండలం వీరాపురం.

ఆ ఊరి గురించి పత్రికల్లో ఏటా ఒక ఫోటో వస్తుంది. మాను నిండా తెల్లటి పక్షులు, కింద పెంకుటింటి కప్పు, అరుగు మీద ఒక అవ్వ. సైబీరియా నుంచి వచ్చిన కొంగలని కింద రాస్తారు. నిజానికి అవి మన దేశపు పక్షులే. ఎర్రకాళ్ళ కొంగ అని తెలుగువాళ్ళు ఎప్పటినుంచో పిలుచుకుంటున్న పేరును మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్, 1864లో అచ్చయిన తన భారతదేశపు పక్షుల గ్రంథంలో రాసి పెట్టాడు. వానలనూ, చెరువుల్లో చేపలనూ బట్టి ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి తిరుగుతాయే తప్ప హిమాలయాలు దాటి వచ్చే పక్షులు కావవి. ఈ సంగతి ఎందుకు పట్టుకుని చెబుతున్నానంటే, ఎక్కడో సైబీరియాలో బాగుంటే మళ్ళీ వస్తాయిలే అనుకుంటే ఇక్కడి చెరువుకు, ఇక్కడి చింతమానుకు మన పూచీ లేకుండా పోతుంది.

నేను జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పెనుకొండలో మొదలుపెట్టి, ధర్మవరంలో కొన్నేళ్ళు చేసి, హిందూపురంలో ముగించాను. మా మేనత్తను ఇచ్చింది వీరాపురం పక్క పల్లెకే. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి పోయినప్పుడు నేను కొంగల్ని లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది మా అత్త. పలక మీదా పుస్తకంలోనా కాదు. ఆమెకు చదువు రాదు. "పోయినేడు శివరాత్రికే పెద్దమానెక్కినాయి. ఈయేడు ఉగాది దగ్గరికొస్తాండాది, ఇంకా కొమ్మ కట్టల్యా. చెరువులో నీళ్ళు ల్యాకపోతే యాడికొస్తాయప్పా అవి?" అనేది. ఏ మాను మీద ఎన్ని గూళ్ళు, ఏ ఏడు పిల్లలు నిలిచినాయి, ఏ కరువులో అవి తొంగి కూడా చూడలేదు, అన్నీ ఆమె నోట ఉండేవి. ఊళ్ళో ఏ పెద్దమనిషిని కదిలించినా ఇదే తీరు. ఏ శాఖా చెప్పకుండా, ఏ జీతమూ లేకుండా తరతరాలుగా ఒక ఊరు నడిపిన గణన అది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ఎర్రకాళ్ళ కొంగ నించుంటే ఇంచుమించు 3 అడుగుల పక్షి. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు 5 అడుగులు. ఒళ్ళు తెలుపు, రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ, తోక దగ్గర ముదురు గులాబీ ఈకలు, నారింజ రంగు బట్టతల, కొద్దిగా కిందికి వంగిన పసుపు ముక్కు. చేపను కంటితో వెతికి పట్టదు. మోకాలి లోతు నీళ్ళలో ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ తిప్పుతూ, కాలితో అడుగు బురద కెలుకుతూ నడుస్తుంది. చేప తగిలిన మరుక్షణం ముక్కు మూసుకుంటుంది. కాబట్టి దానికి నిండు చెరువు పనికిరాదు, ఎండిన చెరువు అసలే పనికిరాదు. అక్టోబరు, నవంబరు వానలకు నిండి, సంక్రాంతి నుంచి మెల్లగా ఇంకుతూ, చేపలన్నీ తక్కువ నీళ్ళలోకి చేరే చెరువు కావాలి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొద్ది వాన ఏ నెలలో పడిందన్న దాన్ని బట్టి ఆ ఏడు గూళ్ళెన్నో తేలిపోతుంది. మా అత్త చెరువు చూసి కొంగల రాక చెప్పిందంటే ఇదీ అందులోని శాస్త్రం.

గూడు చూడాలంటే మిద్దె ఎక్కాలి. అక్కడినుంచి కొమ్మ మనకు ఎదురుగా ఉంటుంది. ఎండుపుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి, పైన కొంచెం ఆకు పరిచి ఉంటుంది. మూడో నాలుగో గుడ్లు. ఆడా మగా మార్చి మార్చి నెల రోజులు పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు నెలలు. మార్చి, ఏప్రిల్ ఎండలో తల్లి గూటి అంచున నిలబడి, వీపు సూర్యుడి వైపు తిప్పి, రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పడేట్టు గంటల తరబడి అట్లాగే ఉంటుంది. నోరు తెరిచి రొప్పుతూ ఉంటుంది గానీ రెక్క మూయదు. జంటలోది ఇంకొకటి చెరువు నుంచి నీళ్ళు మోసుకొచ్చి పిల్లల మీద కక్కుతుంది. పెరిగిన పక్షికి గొంతు లేదనే చెప్పాలి. పెద్ద కొంగలు ముక్కులు టకటకలాడిస్తాయి, పిల్లలు మాత్రం ఆకలికి ఊరంతా వినబడేలా అరుస్తాయి. వాకిలి నిండా రెట్ట, చేప ముక్కలు, వాసన. ఆ మాను కిందే మనుషులు వండుకుని తింటారు, పిల్లల్ని పడుకోబెడతారు.

"కానుపుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు రా అబ్బయ్యా. వాసనొస్తాందని బిడ్డను వాకిట్లోకి పొమ్మంటామా?" అనేది మా అత్త. వీరాపురం, వెంకటాపురం ప్రాంతంలో ఎవరినడిగినా ఇదే మాట వినిపిస్తుంది. కొంగలు దిగితే వానలు బాగా పడతాయన్న నమ్మకం కూడా ఉంది. గూటి నుంచి జారిపడిన పిల్లను కుక్కల పాలు కానీయకుండా చేపలు పెట్టి సాకడం ఆ ఊళ్ళో అలవాటు.

కానీ పుట్టింటి మర్యాదకు ఖర్చు కూడా ఉంటుంది. చింతకాయ దులిపేది మాఘ ఫాల్గుణాల్లో. పొడుగాటి గడ కర్రతో ఇద్దరు మొగవాళ్ళు కొమ్మెక్కి రాలుస్తారు, కింద ఆడవాళ్ళు ఏరుతారు. గుడ్లున్న మాను మీద ఆ పని చేస్తే ఒక్క పూటలో గూళ్ళన్నీ పోతాయి. వదిలేస్తే ఆ ఏటి పంట పోతుంది. పైగా ఏళ్ళ తరబడి పడిన రెట్టకు ఆకు మాడుతుంది, కాపు తగ్గుతుంది, కొమ్మలు ఎండుతాయి. కర్ణాటకలో మద్దూరు దగ్గరి కొక్కరె బెళ్ళూరులో కూడా ఇదే కథ. అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఊరి చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. 1970ల్లో నెగిన్హాళ్ అనే అటవీ అధికారి ఆ ఊరి సంగతి వెలుగులోకి తెచ్చాక, గూళ్ళున్న చెట్ల యజమానులకు పరిహారం ఇచ్చే పద్ధతి మొదలైంది. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. పక్షిని కాపాడాలంటే ముందు చింతపండు లెక్క చూడాలని అక్కడ తొందరగానే గుర్తించారు.

మన జిల్లా కొంగల గురించి 1990ల మొదట్లోనే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో పరిశీలనలు అచ్చయ్యాయి. మా తరం టీచర్లలో కొందరం ఆ తర్వాతే పిల్లల్ని వెంటబెట్టుకుని వీరాపురం పోవడం మొదలుపెట్టాం. పిల్లలకు నేను పెట్టిన నియమం ఒకటే: వచ్చిన ప్రతిసారీ అదే చోట నిలబడి, అదే మానును చూసి రాయాలి. ఈసారి రామాలయం వైపు, పైసారి చెరువు కట్ట వైపు నుంచి చూస్తే రెండు అంకెలకూ పొంతన కుదరదు. నోటుపుస్తకంలో మాను బొమ్మ గీసుకుని, గూడు ఉన్నచోట చుక్క పెట్టి, తేదీ, వేళ, చెరువులో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో రాసేవాళ్ళు. ఊరి పెద్దల మాట కూడా పక్కనే రాయించాను. ఎందుకంటే మా పుస్తకం మొదలైన రోజుకు ముందటి కాలమంతా ఉన్నది వాళ్ళ దగ్గరే.

పక్షులున్న చోటికి విహారానికి మనుషులూ వస్తారు, వాళ్ళ లెక్కా చూడాలి. అందుకు ఇప్పుడు కొంచెం వెనక్కు, పెనుకొండకు పోదాం. ఉద్యానం, విహారం అన్న మాటలు ఈ సీమలో నిన్న మొన్నటివి కావు.

1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత తిరుమల రాయలు విజయనగరం విడిచి పెనుకొండ చేరాడు. ఆ శతాబ్దం చివర్లో చంద్రగిరికి మారేదాకా సామ్రాజ్యానికి ఇదే రాజధాని. అంతకు ముందు నుంచే రాజులకు ఇది వేసవి విడిది. గగన్ మహల్ ఇప్పటికీ నిలబడి ఉంది. దానికి కొద్ది దూరంలో లేపాక్షి. 1530ల్లో అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి. దాని పైకప్పు మీద కిరాతార్జునీయం చిత్రించి ఉంది. అందులో అడవిపంది ఉంది, వేట ఉంది. ఆనాటి దొరల విహారమంటే వేటే. తర్వాత వచ్చిన ఇంగ్లీషు దొరలకూ అదే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఈ గుట్టలు మెల్లమెల్లగా రిజర్వు అడవులయ్యాయి. కట్టె, మేత, సీతాఫలం మీద లెక్కలు మొదలయ్యాయి. ప్రభుత్వానికి ఆదాయం వచ్చేవాటికే ఆ లెక్కలు పరిమితం.

పెనుకొండ గుట్ట చెట్లను నేను పిల్లలకు ఒక్కొక్కటే చూపించి నేర్పించాను. కింద కానుగ, వేప. కొంచెం ఎక్కితే తంగేడు, బలుసు, కలివె, ఊడుగ. గుండ్ల సందుల్లో సీతాఫలం. ఇంకా పైన రేల, చండ్ర, అక్కడక్కడా నారేపి. నారేపి మన అనంతపురం కరువు నేలకు తగిన చెట్టు. రాతి పగుల్లో వేరు దింపి, ఎండాకాలం ఆకు రాల్చి ఓర్చుకుంటుంది. దాని కొయ్య ఇనుమంత గట్టి. ఆ పొదల కింద కౌజులు, పూరేళ్ళు. రాళ్ళ మీద తొండలు. గుట్ట వెనక నెమళ్ళు. చిరుత అడుగు తడి మట్టిలో పడితే పశువుల కాపరులే వచ్చి చూపించేవాళ్ళు. ఎలుగుబంటి వచ్చిపోయిన సంగతి దాని పేడలోని రేగు గింజలు, రేల గింజలు చెప్పేవి. ఒక కొండ మీద ఏ పండు ఎప్పుడు పండుతుందో ఎలుగు పేడలో చదువుకోవచ్చని పిల్లలకు చెబితే ముక్కు మూసుకుంటూనే పుల్లతో కెలికి చూసేవాళ్ళు.

ఇప్పుడు పెనుకొండకు వచ్చేవాళ్ళు ఎర్రమంచి వాకిలి దగ్గరి 11 అడుగుల హనుమంతుణ్ణీ, బాబయ్య దర్గానూ, గగన్ మహల్‌నూ చూసి కుంభకర్ణ పార్కుకు పోతారు. నిద్రపోతున్న కుంభకర్ణుడి భారీ విగ్రహం, లేపడానికి తంటాలు పడుతున్న బొమ్మలు. పిల్లలకు మహా ఇష్టం. మా మనవడికీ ఇష్టమే. ఆ ఊరికి అట్లాంటి చోటు ఒకటి ఉండాలనే నేనూ అంటాను. 2017లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరి, 2019లో అది పని మొదలుపెట్టాక ఆ రోడ్డు మీద మనుషుల రాకపోకలు ఎన్నో రెట్లు పెరిగాయి. వాళ్ళు సెలవు రోజున ఎక్కడికో ఒకచోటికి పోవాలి గదా.

నా బాధ పార్కు ఉన్నందుకు కాదు. మా జిల్లాలో ఎక్కడ ఏ పార్కు కట్టినా, ఏ గుట్టకు మెట్లు వేసినా, ఏ కట్ట మీద లైట్లు పెట్టినా, దానికి ముందురోజు ఆ చోట ఏముండేదో ఎవరూ రాయరు. ఎస్టిమేటులో సిమెంటు ఎన్ని బస్తాలో ఉంటుంది, గేటు ఎన్ని అడుగులో ఉంటుంది, పచ్చికబయలు ఎన్ని చదరపు మీటర్లో ఉంటుంది. ఆ పచ్చిక కింద పోయిన బలుసు పొదలెన్నో ఉండదు. పొద పోతే కౌజు పోతుంది. కౌజు పోయిందని తెలియాలన్నా, ఒకప్పుడు ఉండేదని ఎవరో రాసి ఉండాలి. పదేళ్ళ తర్వాత వచ్చిన కుర్ర ఇంజనీరుకు అక్కడ కనబడేది పచ్చికే. అది మొదటినుంచీ అట్లాగే ఉందనుకుంటాడు.

ఇదే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 2000ల చివర్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు తీసుకున్నారు. ఆ హబ్ రాలేదు. ఆ భూమి ఎవరిది, ఎవరికి తాకట్టు పెట్టారు అన్న దాని మీద కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. ఆ నేల మీద తిరిగిన నక్కా తోడేలూ గురించి, అందులో పెరిగిన గడ్డి గురించి ఒక్క కాగితమూ నాకు కనబడలేదు.

ధర్మవరం సంగతి వేరు. అక్కడ జనం తిరిగేది గుట్ట మీద కాదు, చెరువు కట్ట మీద. క్రియాశక్తి ఒడయరు అనే ఆయన చెరువు తవ్వించి, తల్లి ధర్మాంబ పేరు మీద ఊరు కట్టించాడని చెప్పుకుంటారు. మగ్గం గుంటలో పొద్దంతా కాళ్ళు ఆడించిన నేతపనివాళ్ళకు సాయంత్రం ఆ కట్ట మీది గాలే విశ్రాంతి. అక్కడ పనిచేసినప్పుడు నేనూ రోజూ నడిచేవాణ్ణి. తోటి టీచర్లకు నడక ఎంతో, నాకు చెరువు అంత. నీళ్ళున్న ఏడు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, ఎర్రకాళ్ళ కొంగలు దిగేవి. ఎండిన ఏడు క్రికెట్ వికెట్లు దిగేవి. ఇటీవల హంద్రీ-నీవా నీళ్ళు ఈ ప్రాంతపు చెరువులకు రావడం మొదలయ్యాక కథ మారింది. నీళ్ళు రావడం అందరికీ మంచిదే. అయితే ఏడాది పొడవునా నిండుగా ఉండే చెరువులో ఎర్రకాళ్ళ కొంగకు మేత దొరకదు. దానికి అంచున పలచని నీళ్ళు కావాలి. అంచు అంతా రాతికట్టు కట్టి, పక్కన నడకబాట వేస్తే ఆ పలచని నీళ్ళు మిగలవు. కట్టకు ఒక వైపు రాతికట్టు వేసి, లోపలి వైపు ఏటవాలుగా బురద నేలగా వదిలేస్తే మనిషికీ పక్షికీ సరిపోతుంది. ఈ మాట నేను అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూ వచ్చాను.

ధర్మవరం నుంచి తాడిమర్రి మీదుగా పోతే పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. 2022 చివర్లో అక్కడ పడవ విహారం, రెస్టారెంటు వచ్చాయి. ఆదివారం జనం బాగా వస్తారు. మోటారు పడవ అల ఒడ్డుకు తగిలే చోట నీటిపిట్టల గూళ్ళకు ఏమవుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. పడవలు తిరిగే మూల ఒకటి, తిరగని మూల ఒకటి ఎంచుకుని, రెండు చోట్లా ఒకే పూట లెక్క తీస్తే జవాబు కొంతైనా తెలుస్తుంది. పెద్ద ఖర్చేమీ కాదు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన దేశంలో అది 1987 నుంచి ఉంది, స్వచ్ఛందంగా చేసేవాళ్ళే చేస్తారు. ఒక కాలేజీ, ఒక బైనాక్యులరు, ఒక ఉదయం చాలు.

విహారం వల్ల జంతువులకు ఏమవుతుందన్న దాని మీద 2016లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ప్రపంచమంతటా అచ్చయిన 274 పరిశోధనలను దగ్గరపెట్టి చూశారు. వాటిలో 93 శాతానికి పైగా పరిశోధనల్లో ఏదో ఒక ప్రభావం కనబడింది. ప్రభావాల్లో 59 శాతం చెడ్డవే. మోటారు బండ్లే కాదు, ఊరికే నడిచిపోయే మనుషుల వల్ల కూడా జంతువులు చెదురుతున్నాయని అందులో తేలింది. అందులో ఎక్కువ పరిశోధనలు ఉత్తర అమెరికాలో జరిగినవి. మనబోటి దేశాల నుంచి వచ్చినవి బహు తక్కువ. వేరే దేశపు జింక ఎంత దూరం నుంచి బెదురుతుందో పుస్తకంలో దొరుకుతుంది గానీ వీరాపురం కొంగ ఎంత దూరం నుంచి లేస్తుందో మనమే చూసుకోవాలి.

మేము చూశాం. అందుకు సామాను ఒక టేపు, సున్నపు ముగ్గు. గూడున్న మాను మొదలు నుంచి అడుగులు కొలిచి ముగ్గుతో గీతలు గీశాం. ఒక పిల్లవాడు మెల్లగా నడిచి వస్తాడు. ఇంకొకరు మిద్దె మీద నుంచి పక్షిని చూస్తూ, అది తల ఎత్తినప్పుడు ఒకటి, లేచి నిలబడినప్పుడు రెండు, ఎగిరినప్పుడు మూడు అని చెబుతారు. గుడ్లు పొదిగే రోజుల్లో ఈ పని చేయనివ్వలేదు. పిల్లలు పెద్దవై గూటి నుంచి గూటికి దూకే రోజుల్లోనే, అదీ ఎండ ఎక్కకముందే చేశాం. కడవ నెత్తిన పెట్టుకుని పోయే ఆడమనిషికి కొంగ తల కూడా తిప్పదు. మేకల మంద పోయినా అంతే. ట్రాక్టరుకూ చలించదు. కొత్త మనిషి నేరుగా నడిచిపోతే తల ఎత్తి చూస్తుంది. అదే మనిషి ఆగి, తలెత్తి, కెమెరా ఎత్తాడా, లేచి నిలబడుతుంది. ఇద్దరు ముగ్గురు గుంపుగా ఆగితే ఎగురుతుంది. మనుషులు తిరగడం కంటే మనిషి ఆగి చూడడమే దాన్ని బెదిరిస్తుంది. మా పిల్లలు దీన్ని నోటుపుస్తకంలో రాసుకొచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తల్లి ఎగిరితే నష్టమేమిటని అడుగుతారు, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది గదా అని. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, ఒంటి మీద ఇంకా ఈకలు రాని పిల్ల మీది నుంచి ఆ నీడ పావుగంట తొలగితే చాలు. గుడ్ల కాలంలోనైతే కాకి కాచుకునే ఉంటుంది. బెంగుళూరు నుంచి పెద్ద లెన్సులతో వచ్చేవాళ్ళు ఎక్కువగా వచ్చేది శని ఆదివారాలు, అదీ పొద్దెక్కినాక. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. పక్షి మీద ప్రేమతోనే వస్తారు. అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళకు పక్షి తొందరగా అలవాటు పడుతుందనీ, మాను కింద గుంపుగా నిలబడి తలెత్తితే పడదనీ చెప్పేవాళ్ళు ఒకరుంటే చాలామంది వింటారు. నేను చెబితే విన్నారు.

కాబట్టి ఎత్తయిన వ్యూ టవరు ఎక్కడ కట్టాలి, రోడ్డు ఎటు తిప్పాలి, బండ్లు ఎంత దూరాన ఆపాలి అన్నవాటికి ఆ ముగ్గు గీతలే జవాబు చెప్పాలి. టవరు ముందు కట్టి, పక్షి అలవాటు పడుతుందిలే అనుకోవడం తలకిందుల పద్ధతి.

మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా లెక్క లేకుంటే ఎక్కడికి పోతుందో కర్నూలు వైపు రోళ్ళపాడు చెబుతుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. కంచె వేసి మేత ఆపారు. గడ్డి పెరిగింది, కృష్ణజింకలు బాగా పెరిగాయి. అవి చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. రైతులకు కోపం వచ్చింది, ఆ కోపం పిట్ట మీదికీ మళ్ళింది. చుట్టూ మెట్ట భూముల్లో సాగు తీరు మారింది. ఎవరి కోసమైతే ఇదంతా చేశారో ఆ బట్టమేక పిట్టే అక్కడ కనబడకుండా పోయింది. కడపలో ఇందుకు భిన్నమైన పని జరిగింది. 1986లో లంకమల అడవి అంచున, అంతరించిందనుకున్న కలివికోడి మళ్ళీ దొరికాక, దాని కోసం మెత్తటి మట్టి పట్టీలు పరిచి, రాత్రి పడిన అడుగులను తెల్లారి చదివారు. పొదలు మరీ దట్టంగా ఉన్నచోటా, మరీ పలచగా ఉన్నచోటా అది ఉండదనీ, హెక్టారుకు 300 నుంచి 700 పొదలున్న చోటే ఉంటుందనీ తేల్చారు. తెలుగుగంగ కాలువ దారి మార్చడానికి ఆ జాడలే సాక్ష్యమయ్యాయి. పక్షి, పొద, మనిషి పని, మూడింటినీ ఒకే పుస్తకంలో రాస్తే ప్రభుత్వం కూడా వింటుందని నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అది.

వీరాపురంలో ఇప్పుడు నాకు ఎక్కువ దిగులు చింతమాన్ల గురించి. ఉన్నవన్నీ తాతల నాటివి. కొన్నిటికి నడుమ తొర్ర పడింది. గాలివానకు ఒక పెద్ద కొమ్మ విరిగితే అందులోని గూళ్ళన్నీ ఒకేసారి పోతాయి. కొత్త మొక్క మొలిస్తే మేక వదలదు. నాటినా కొంగ గూడు మోసేంత మాను కావడానికి ఒక తరం పడుతుంది. హైదరాబాదు-బెంగుళూరు రోడ్డును నాలుగు వరసలు చేసినప్పుడు దారి పొడవునా ఉన్న పాత చింతమాన్లు పోయాయి. ఊరి చుట్టూ భూముల ధరలు బెంగుళూరును చూసి పెరుగుతుంటే పొలం గట్టున ఒక మాను ఉంచుకోవడం రైతుకు ఇంకా కష్టం. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెట్లు చాలక ఇనుప చెట్లు నిలబెట్టారు. పక్షులు వాటి మీదా గూళ్ళు కట్టుకున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో 2018 అక్టోబరు తిత్లీ తుఫాను పాత చెట్లను దెబ్బతీసింది. చెట్టు పోయిన తర్వాత ఇనుము వెతుక్కునే కంటే, ఉన్న మాను చుట్టుకొలత ఏటా కొలిచి, ఎండిన కొమ్మలెన్నో రాసి, పక్కన ఇంకో మొక్కకు కంచె కట్టడం తేలిక. మా నోటుపుస్తకాల్లో గూళ్ళ లెక్క పక్కన మాను లెక్క కూడా చేర్పించింది అందుకే.

ఆ పుస్తకాలు ఇప్పుడు హిందూపురంలో మా ఇంటి బీరువాలో ఉన్నాయి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు తానే టీచరు. జనవరి రాగానే ఫోను చేస్తుంది. "సార్, మొన్న సాయంత్రం నాలుగు దిగినాయంట. చెరువులో నీళ్ళు సగానికుండాయి. పిల్లోళ్ళను ఆదివారం పంపేదా, వద్దా?" అని. ఆదివారం వద్దు, జనం ఎక్కువ, బుధవారం పంపు అంటాను. వీలైతే ఆదివారం ఇంకో బృందాన్ని కూడా పంపమంటాను. జనం ఉన్న రోజూ లేని రోజూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఇక నేను అడిగేది ఒకటి ఉంది. ఈ లెక్క రాసే పనిని ఊరివాళ్ళకే అప్పజెప్పాలి, దానికి కూలి ఇవ్వాలి. ఇన్నాళ్ళూ వాళ్ళు చింతపండు వదులుకుని, వాకిలి వదులుకుని ఈ పని ఉచితంగా చేశారు. ఏ మాను మీద ఎన్ని గూళ్ళో చెప్పగల మనుషులు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారు, వాళ్ళలో చాలామంది ముసలివాళ్ళయ్యారు. చదువుకున్న మనవడో మనవరాలో పక్కన కూర్చుని రాస్తే చాలు. గూళ్ళకు ఒక పేజీ, చెరువు నీటిమట్టానికి ఒక పేజీ, మాన్లకు ఒక పేజీ, వచ్చిన సందర్శకులకు ఒక పేజీ. కూలి దేనికింద ఇస్తారని అడిగే అధికారులుంటారు. దేశం మొత్తానికీ ఉపాధి హామీ పథకం మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, అప్పటి మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. చెరువు పూడిక తీసిన మనిషికి ఇచ్చినట్టే, ఆ చెరువును నమ్ముకుని వచ్చే కొంగలను జనవరి నుంచి ఆగస్టు దాకా లెక్క రాసిన మనిషికీ ఆ రోజు కూలే ఇవ్వండి.